కైరో మీనార్లు, మా నాన్న రోకలి

రెండేళ్ళ కిందట రాజమండ్రి దగ్గర ఒక పల్లెలో మసీదు కమిటీ వాళ్ళు మీనారు బొమ్మ గీసిపెట్టమని నా దగ్గరికి వచ్చారు. ఇళ్ళ ప్లాన్లు గీసుకునేవాణ్ణి. మీనారు ఎప్పుడూ గీయలేదు. అయినా ఒప్పుకున్నాను. అడుగున చదరం, దాని మీద గుండ్రటి గొట్టం, నడుమ ఒక బాల్కనీ, నెత్తిన చిన్న గుమ్మటం. కమిటీ పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది గానీ బాబూ, వాటర్ ట్యాంకులా ఉందేంటి?" అన్నాడు. నిజంగానే అలాగే ఉంది. ఎక్కడ తేడా కొట్టిందో మాత్రం నాకు అంతుపట్టలేదు. వాళ్ళు వేరేవాళ్ళ చేత గీయించుకున్నారు. నాకది పంటి కింద రాయిలా ఉండిపోయింది.

కిందటి డిసెంబరులో, కువైట్‌లో పని చేసే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నాకు వారం సెలవు దొరికింది. మీరు కైరో వచ్చెయ్యండి, పిరమిడ్లు చూద్దాం" అన్నాడు. పిరమిడ్లకు ఒక్క రోజే, మిగతా రోజులన్నీ నేను చెప్పిన చోటికి రావాలి అని షరతు పెట్టాను. పాపం, ఏమీ అడక్కుండా సరే అనేశాడు.

మొదటి రోజు

పొద్దున్నే ఇబ్న్ తులూన్ మసీదుకు బయల్దేరాం. ట్యాక్సీ అతను ఎక్కేటప్పుడు ఒక రేటు, దిగేటప్పుడు ఇంకో రేటు చెప్పాడు. మావాడు కువైట్ అరబ్బీలో గట్టిగా వాదిస్తే అతను నవ్వాపుకోలేకపోయాడు. ఇక్కడివాళ్ళు 'జ'ని 'గ' అంటారు. జామి అంటే పెద్ద మసీదు, వీళ్ళ నోట అది 'గామి'. మావాడి అరబ్బీ వాళ్ళకు సినిమాలో డైలాగులా వినిపిస్తుందట. రేటు మాత్రం తగ్గలేదు.

అహ్మద్ ఇబ్న్ తులూన్ ఈజిప్టును ఏలడానికి ఇరాక్‌లోని సమర్రా నుంచి వచ్చినవాడు. సమర్రాలో అప్పటికే ఒక వింత మీనారు ఉంది. 52 మీటర్ల ఎత్తున, శంఖంలా మెలికలు తిరుగుతూ, ఎక్కే దారి బయటి నుంచే చుట్టుకుంటూ పోతుంది. దాన్ని మల్వియా అంటారు, మెలి తిరిగినది అని అర్థం. 876లో మొదలుపెట్టి 879కి ఇక్కడ తన మసీదు పూర్తి చేసినప్పుడు ఇబ్న్ తులూన్ మనసులో అదే ఉండి ఉంటుంది. జనం చెప్పుకునే కథ వేరే. దర్బారులో కూర్చుని ఏమీ తోచక కాగితం ముక్కను వేలికి చుడుతున్నాడట. ప్రభువు ఇలా పనిలేకుండా ఉన్నాడేంటని ఎవరైనా అనుకుంటారేమోనని, "మీనారు నమూనా చూస్తున్నాను" అన్నాడట. ప్లాన్లు గీసేవాణ్ణి కాబట్టి నాకీ కథ భలే నచ్చింది. మా క్లయింట్లలో సగం మంది ఇలాగే చెబుతారు.

ఇప్పుడు కనిపిస్తున్నది పూర్తిగా ఆయన కట్టింది కాదు. 1296లో లాజిన్ అనే సుల్తాను బాగు చేయించాడు. అంతకు ముందు సుల్తాన్ ఖలీల్ హత్యలో చెయ్యి ఉన్న లాజిన్, పాడుబడ్డ ఈ మసీదులోనే దాక్కున్నాడు. బతికి బయటపడితే దీన్ని బాగు చేయిస్తానని మొక్కుకున్నాడు, చేయించాడు. మసీదంతా ఇటుక, మీనారు మాత్రం రాయి. దాన్ని మసీదు కప్పుతో కలిపే వంతెన కింద గుర్రపు నాడాల్లాంటి కమానులున్నాయి. అవి స్పెయిన్ వైపు పద్ధతి.

విశాలమైన ఖాళీ ఆవరణలో కూర్చుని గీయడం మొదలుపెట్టాను. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలితో కొలుస్తాను. పాత అలవాటు. అడుగున చదరం. దానికి బయటి నుంచి మెట్లు. దాని మీద గుండ్రటి అంతస్తు, దాని చుట్టూ మళ్ళీ మెట్లు. ఆపైన ఎనిమిది పలకల బుల్లి మండపం, దాని నెత్తిన గాడి గాడిగా ఉన్న టోపీ. చదరం, గుండ్రం, మళ్ళీ పలకలు. వరస తప్పిన పద్యంలా ఉంది. పైగా ప్రార్థన దిక్కు చూపే గూడు మిహ్రాబ్‌కు తిన్నగా కూడా లేదు, కాస్త పక్కకుంది. నేనిలా గీస్తే మా మేస్త్రీ నవ్వుతాడు.

కానీ వాటర్ ట్యాంకులా మాత్రం లేదు. మెట్లు బయట ఉండటం వల్ల కాబోలు, చూపు వాటితోపాటే ఎక్కుతుంది. మేమూ ఎక్కాం. పైనుంచి దూరంగా గుట్ట మీద కోట, దాని మీద రెండు సన్నటి మీనార్లు కనిపించాయి. పిరమిడ్లు కూడా కనిపిస్తాయన్నారు గానీ ఆ రోజంతా దుమ్మే.

సాయంత్రం కుషరీ తిన్నాం. అన్నం, పప్పు, మకరోనీ, వేయించిన ఉల్లిపాయ, టమాటా పులుసు, అన్నీ ఒకే గిన్నెలో. ఎవరో వంటింట్లో మిగిలినవన్నీ కలిపేసినట్టు ఉంటుంది, కానీ బాగుంటుంది. తర్వాత ఎర్రగా, పుల్లగా కర్కడే అని ఒక పానీయం ఇచ్చారు. రెండు గుక్కలు తాగాక తెలిసింది, అది మన గోంగూర జాతి మొక్కే. మనం ఆకు తింటాం, వీళ్ళు పువ్వు కింది ఎర్రటి తొడిమ రేకులు ఎండబెట్టి కాచుకుంటారు. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ నమ్మలేదు.

రెండో రోజు

ముయిజ్ వీధి. పాత కైరోకు వెన్నెముక ఇదే. ఉత్తరం కొసన అల్ హాకిమ్ మసీదు ఉంది. 990లో మొదలై 1013లో పూర్తయింది. ముందుగోడ రెండు మూలలా రెండు మీనార్లు. ఒకటి లోపల గుండ్రం, ఇంకొకటి చదరం మీద ఎనిమిది పలకలు. లోపల అని ఎందుకంటున్నానంటే, మీనార్లు లేచిన కొన్నేళ్ళకే, 1010లో, ఖలీఫా హాకిమ్ ఆ రెండింటి చుట్టూ లావుపాటి చదరపు బురుజులు కట్టించి వాటిని దాచేశాడు. కారణం మీద చరిత్రకారులు ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు. బయట నుంచి చూస్తే ఏనుగు కాళ్ళలాంటి బురుజులు, వాటి నెత్తిన చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఆ బుడిపెలు కూడా పాతవి కావు. 1303లో పెద్ద భూకంపం వచ్చి మీనార్ల తలలు రాలిపోతే, బైబర్స్ అల్ జాష్నకీర్ అనే అమీరు ఇటుకతో కొత్తవి పెట్టించాడు. వాటిని 'మబ్‌ఖరా' అంటారు, సాంబ్రాణి వేసే ధూపదానం అని అర్థం. ఆ పేరు తెలిశాక ఇంకోలా కనబడదు. మా అమ్మ తలంటు పోశాక పొగ వేసే సాంబ్రాణి పిడతకు గాడి గాడిగా మూత పెట్టినట్టు ఉంటుంది.

లోపల పాలరాయి తళతళలాడుతోంది. 1980 ప్రాంతంలో షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాలు దీన్ని బాగు చేయించారు. కొందరు నిపుణులు మరీ కొత్తగా చేసేశారని విసుక్కున్నారు. మా పక్కన గుజరాతీలో మాట్లాడుకుంటున్న ఒక కుటుంబం కనిపిస్తే మావాడు హిందీలో పలకరించి అరగంట కబుర్లు చెప్పాడు. వాడికి ఆ రోజు మొత్తంలో అదే నచ్చింది.

అక్కడి నుంచి దక్షిణానికి నడిస్తే సుల్తాన్ కలావూన్ కట్టడాలు. ఆసుపత్రి, మదరసా, సమాధి, అన్నీ కలిపి 1284, 85ల్లో లేచాయి. మీనారు కింది రెండు అంతస్తులూ చదరమే, మందంగా, పహిల్వానులా. మూడోది గుండ్రం. ఆ మూడోది మళ్ళీ 1303 భూకంపం తర్వాత ఆయన కొడుకు నాసిర్ ముహమ్మద్ కట్టించింది. పక్కనే ఆ నాసిర్ మదరసా మీనారు ఉంది. దాని ఒంటి నిండా సున్నపు గారలో జాలీలా చెక్కిన పని. వీధికి అవతల నిలబడి ఈ రెండింటినీ మార్చి మార్చి గీశాను. చదరం మీద చదరం, దాని మీద తటాలున గుండ్రం. నేను గీసిన ట్యాంకు లక్షణం కొంత ఇక్కడా ఉందనిపించింది. పెద్దవాళ్ళు కట్టారు కాబట్టి మనం అనం గానీ, ఆ మూడో అంతస్తు తెచ్చి పెట్టినట్టే ఉంది.

టీ తాగుతూ మా బావమరిదికి అలెగ్జాండ్రియా దీపస్తంభం సంగతి చెప్పాను. ప్రాచీన కాలంలో ప్రపంచ వింతల్లో ఒకటి. అదీ మూడు అంచెలే. అడుగున చదరం, నడుమ ఎనిమిది పలకలు, పైన గుండ్రం. అరబ్బీలో మీనారుకు ఒక పేరు 'మనారా', వెలుగు చోటు అని. ఇంకో పేరు 'మాదన', అజాన్ పిలిచే చోటు. పేరూ కలిసింది, ఆకారమూ కలిసింది కాబట్టి కైరో మీనార్లకు ఆ దీపస్తంభమే తల్లి అని బట్లర్ అనే ఇంగ్లీషు పండితుడు వాదించాడు. క్రెస్వెల్ అనే ఇంకో పండితుడు ఒప్పుకోలేదు. తొలి మీనార్లలో ఆ వరస లేదు, అది మెల్లగా, ఇక్కడే, ఒక్కొక్క మీనారుతో తయారైంది అన్నాడు. అప్పటికే శిథిలమవుతున్న దీపస్తంభాన్ని కూడా 1303 భూకంపమే బాగా దెబ్బ తీసింది.

"మరి మీరెవరి పక్షం బావా?"

"మీ మామయ్య పక్షం" అన్నాను.

మా నాన్న వడ్రంగి. రోకలి చెయ్యాలంటే ముందు తుమ్మమొద్దును నలుపలకగా చెక్కేవాడు. తర్వాత బాడిసెతో నాలుగు మూలలూ లేపేస్తే ఎనిమిది పలకలు. ఆ ఎనిమిది అంచులూ కొడితే పదహారు. అప్పుడు గానీ చిత్రిక పట్టేవాడు కాదు. "చదరం నుంచి ఒక్కసారే గుండ్రానికి దూకితే కర్ర ఎటో పోతుందిరా" అనేవాడు. చదరపు చెక్కను గుండ్రం చేసే వడ్రంగికైనా, రాతిపని వాడికైనా నడుమ ఎనిమిది పలకలు తగలకుండా ఎలా ఉంటాయి? మన గుళ్ళ మండపాల్లో స్తంభాలు చూడండి. చదరం, పలకలు, గుండ్రం. దానికోసం మనవాళ్ళెవరూ అలెగ్జాండ్రియా వెళ్ళలేదు. ఇది పండితుల ముందు నిలబడే వాదన అని చెప్పను, కానీ నాకు చాలు.

మూడో రోజు

బాబ్ జువైలా. పాత నగరానికి దక్షిణ ద్వారం, 1092 నాటిది. దాని రెండు బురుజుల నెత్తిన రెండు మీనార్లు నిలబడి ఉంటాయి. పక్కనున్న మువయ్యద్ మసీదువి అవి, గేటు కన్నా మూడు వందల ఏళ్ళకు పైగా చిన్నవి. ఇంతకన్నా ఎత్తయిన చోటు ఎక్కడ దొరుకుతుంది, పునాది ఖర్చు కూడా మిగిలింది అనుకుని ఉంటారు. గేటు మీద మీనార్లు అనగానే చార్మినార్ గుర్తొచ్చింది. అయితే 1591 నాటి మన చార్మినార్‌లో నాలుగూ కట్టడంతో కలిసే పుట్టాయి. ఇక్కడివి ఎవరి భుజాల మీదో ఎక్కి కూర్చున్నాయి.

సుల్తాన్ మువయ్యద్ కథ కూడా లాజిన్ కథలాంటిదే. సుల్తాను కాకముందు ఇక్కడున్న జైల్లో పడి, పేలతో, ఈగలతో నానా బాధ పడ్డాడట. బయటపడితే ఈ జైలు పడగొట్టి మసీదు కడతానన్నాడు, కట్టాడు. 1415లో పని మొదలైంది. కడుతుండగానే ఒక మీనారు ఒరిగింది. రాళ్ళు పడతాయన్న భయంతో గేటు మూసేసి దాన్ని విప్పాల్సి వచ్చింది. అప్పుడు ఊళ్ళో ఇద్దరు మహాపండితులుండేవారు, ఇబ్న్ హజర్ అని ఒకరు, ఐనీ అని ఇంకొకరు. ఇద్దరికీ పడదు. 'ఐన్' అంటే కన్ను, దిష్టి అని కూడా. "నా అందానికి 'ఐన్' కన్నా కీడు చేసేది లేదు" అని మీనారే మొర పెట్టుకున్నట్టు ఇబ్న్ హజర్ ఒక పద్యం వదిలాడు. 'హజర్' అంటే రాయి. "దిష్టి కాదు, ఏమీ కాదు, 'హజర్' నాసిరకం కాబట్టి కూలింది" అని ఐనీ వైపు నుంచి జవాబు. కట్టడం కూలితే కాంట్రాక్టరును తిట్టడం అందరూ చేస్తారు, శ్లేషలతో తిట్టుకోవడం చూశారా!

తర్వాత కట్టిన వాటి మీద మేస్త్రీ పేరు చెక్కి ఉంది. ముహమ్మద్ ఇబ్న్ అల్ కజ్జాజ్. అప్పటి మీనార్ల మీద కట్టినవాడి సంతకం కనిపించడం అరుదు. ఒకటి ఒరిగిపోయాక కట్టినవాడికి తన పేరు చెక్కేంత ధైర్యం ఉండటం నాకు బాగా నచ్చింది.

టికెట్ కొని ఎక్కాం. మీనారు లోపలి మెట్లు గురించి చదవడం వేరు, ఎక్కడం వేరు. నట్టనడుమ రాతి స్తంభం, దాని చుట్టూ మెట్లు మెలి తిరుగుతాయి. ఒక్కో మెట్టు ఒక్కో రాయి, సన్నటి కొస స్తంభంలో కలిసి ఉంటుంది, వెడల్పు కొస గోడలో దిగి ఉంటుంది. అంటే మెట్లు ఎక్కడానికి మాత్రమే కాదు, బయటి గోడనీ లోపలి స్తంభాన్నీ అంతటా కలిపి పట్టుకునేవి కూడా అవే. నా బొమ్మలో మెట్ల ఊసే లేదు. గొట్టం గీసి ఊరుకున్నాను. చీకట్లో గోడకు భుజం రాసుకుంటూ, అరిగి నున్నబడ్డ మెట్టు అంచు కాలికి తగులుతుంటే, వెనక నుంచి మావాడు "బావా, ఎవరైనా దిగుతున్నారేమో కేక వెయ్యండి" అంటున్నాడు. వెయ్యకముందే ఒక పెద్దావిడ దిగుతూ ఎదురైంది. ముగ్గురం గోడకు బల్లుల్లా అతుక్కున్నాం.

బాల్కనీ మీదికి వచ్చాక కిందకి వంగి చూశాను. వంగితే మావాడికి టెన్షన్, నా చొక్కా పట్టుకున్నాడు. బాల్కనీని మోస్తున్న చెక్కడాన్ని ముకర్నాస్ అంటారు. దూరం నుంచి కందిరీగల గూడులా కనిపిస్తుంది. దగ్గర్నుంచి చూస్తే సంగతి తేలిక. ఒక వరస రాళ్ళు గోడలోంచి రెండు మూడు వేళ్ళు బయటికి వస్తాయి, దాని మీది వరస ఇంకో రెండు మూడు వేళ్ళు. ఒక్కో రాయి తోక గోడలో ఉంది, పైనున్న బరువు దాన్ని నొక్కి పట్టింది. అలా వరసలు పేర్చుకుంటూ పోతే ఒక మనిషి నడిచేంత వెడల్పు వచ్చింది. ఒక్కో రాయిని బుల్లి గూడులా తొలిచారు కాబట్టి మోత కనిపించదు, నీడ మాత్రం కనిపిస్తుంది.

కింద చూస్తే డాబాల మీద డిష్ యాంటెన్నాలు, చెక్కతో కట్టిన పావురాల గూళ్ళు. అంతా దుమ్ము రంగే.

దిగి డేరాలు కుట్టేవాళ్ళ వీధి పక్కగా దర్బ్ అల్ అహ్మర్‌లోకి నడిచాం. వీధంతా చిన్న చిన్న వర్క్‌షాపులు. ఒకచోట రంపపు పొట్టు వాసన వచ్చి నా కాళ్ళు అవే ఆగిపోయాయి. ఒకాయన నేల మీద కూర్చుని కుర్చీ కాళ్ళు చేస్తున్నాడు. చేతిలో బాడిసె. చెక్క నలుపలకగా ఉంది. మూల లేపాడు, తిప్పాడు, మూల లేపాడు. ఎనిమిది. నేను చూస్తూ నిలబడితే తలెత్తి ఏమిటని కళ్ళతోనే అడిగాడు. "మా బావ వాళ్ళ నాన్న కూడా ఇదే పని" అని మావాడు ఆ సినిమా అరబ్బీలో చెప్పాడు. ఆయన నవ్వి బాడిసె నా చేతికిచ్చాడు. నాకు రాదు. ఒక్క దెబ్బ వేశాను, చెక్క చీలింది. ఆయన ఏమీ అనలేదు, ఆ ముక్కను పొయ్యిలోకి పోయే కుప్పలో పడేసి ఇంకోటి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళ కిందట మా నాన్నా ఇలాగే చేసేవాడు, కాకపోతే రెండు తిట్లు అదనం.

అదే వీధిలో కాస్త ముందుకు మారిదానీ మసీదు, 1340 నాటిది. దాని మీనారు చూసి చాలాసేపు కదల్లేదు. ఇంత దూరం చూసినవాటిలో చదరం, గుండ్రం తన్నుకుంటున్నాయి. ఇక్కడ తన్నులాట లేదు. అడుగు నుంచి పై వరకు ఎనిమిది పలకలే. పైన సాంబ్రాణి పిడత మూత పోయి, సన్నటి స్తంభాల మీద బుల్లి మండపం, దాని నెత్తిన మంచినీళ్ళ కూజాలాంటి రాతి బుడ్డి వచ్చింది. ఈ పద్ధతిలో మనకు మిగిలిన వాటిలో ఇదే మొదటిదంటారు. నాసిర్ ముహమ్మద్ కాలపు పెద్ద మేస్త్రీ సుయూఫీ పనిగా చెబుతారు. బాల్కనీలు కూడా అంతస్తు మారే చోటనే ఉన్నాయి. నేను నా బొమ్మలో బాల్కనీని గొట్టం నడుమ, బొడ్డు దగ్గర పెట్టాను. అది లుంగీ కట్టుకున్నట్టు ఉండక ఇంకెలా ఉంటుంది?

నాలుగో రోజు

సుల్తాన్ హసన్ మసీదు ముందు నిలబడితే మెడ నొప్పి పుడుతుంది. ద్వారమే 38 మీటర్లు. 1356లో మొదలైంది. అప్పటికి ప్లేగు వచ్చి పోయింది, వారసులు లేకుండా పోయినవాళ్ళ ఆస్తులు ఖజానాలో చేరాయి. ఆ డబ్బే ఇందులో పోశారంటారు. నాలుగు మీనార్లు అనుకున్నారు. ద్వారం మీద లేపిన ఒకటి 1361లో కూలింది. కింద బడిలో చదువుకుంటున్న అనాథ పిల్లలతో సహా దాదాపు 300 మంది పోయారని మక్రీజీ అనే చరిత్రకారుడు రాశాడు. జనం దాన్ని అపశకునం అనుకున్నారు. ముప్పై మూడు రోజులకు సుల్తాన్ హసన్ హత్యకు గురయ్యాడు. ద్వారం మీది రెండోదాన్ని ఇక లేపలేదు. వెనక వైపు రెండింటిలో ఒకటి 1659లో పడిపోతే తర్వాత చిన్నది కట్టారు. దక్షిణ మూలనున్నది ఒక్కటే అసలుది. 80 మీటర్లు దాటుతుంది. కోటకు ఎదురుగా ఇంత ఎత్తున చోటు దొరికితే తిరుగుబాటుదారులు ఊరుకుంటారా? దాని మీద నుంచి కోట మీదికి దాడి చేస్తుంటే సుల్తాన్ బర్కూక్ మెట్లు పగలగొట్టించాడు.

దాని పక్కనుంచే గుట్ట మీద, ఈజిప్టును ఏలిన ముహమ్మద్ అలీ మసీదు కనిపిస్తుంది. 1830లో మొదలైంది. ఆ రెండు మీనార్లూ 80 మీటర్లకు పైనే. అంటే ఎత్తులో దీనికీ వాటికీ పెద్ద తేడా లేదు. ఒకే చోట నిలబడి రెండింటినీ గీసే అవకాశం, వదులుతానా? హసన్ మీనారు లావుపాటి చదరపు అడుగు మీద లేచి పలకలు పలకలుగా, బాల్కనీ బాల్కనీకీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కుతుంది. తుర్కీ పద్ధతివి ఆ రెండూ చెక్కిన పెన్సిళ్ళే. సన్నటి ఒళ్ళు, ఒకే బిగిలో పైకి, కొసన మొన. 1517లో ఒట్టోమన్లు వచ్చాక ఈ మోడల్ ఊళ్ళోకి దిగింది.

పెన్సిల్ మీనార్లంటే నాకు మొదట చిన్నచూపే ఉండేది. కోట ఎక్కి దగ్గరగా చూశాక కాస్త తగ్గింది. పక్కన అంత పెద్ద గుమ్మటం ఉంటే మీనారు సన్నగానే ఉండాలి. లావుపాటిది పెడితే గుమ్మటం చిన్నబోతుంది. పైగా ఊరు మొత్తం మీద దుమ్ములో కూడా గుర్తుపట్టేది వీటినే. మొదటి రోజు ఇబ్న్ తులూన్ పైనుంచి నాకు కనిపించింది ఇవే కదా. అయితే వీధిలో నడిచేవాడికి ఇవి చెప్పేదేమీ లేదు. ఒకసారి చూస్తే అయిపోతుంది.

కోటలోనే నాసిర్ ముహమ్మద్ మసీదు ఉంది. ముహమ్మద్ అలీది చూసి అలిసిపోయి చాలామంది దీన్ని వదిలేస్తారు. తప్పు. దీని మీనార్ల తలలు ఉల్లిగడ్డల్లా ఉంటాయి, వాటికి ఆకుపచ్చ పింగాణీ పలకలు. ఇరాన్‌లోని తబ్రీజ్ నుంచి వచ్చిన పనివాళ్ళ చెయ్యి అంటారు. ఒక మీనారు మీద కింది అంతస్తులో వంకర గీతలు నిలువుగా, పై అంతస్తులో అడ్డంగా లోతుగా చెక్కారు. చీర, పమిట వేరు వేరు నేతలైనట్టు.

ఐదో రోజు

పిరమిడ్లు. మాట తప్పలేదు. బావమరిది ఒంటె ఎక్కాడు, దిగడానికి విడిగా డబ్బులు అడిగారు. రాత్రి నాకు కడుపు నొప్పి.

ఆరో రోజు

ఉత్తరపు శ్మశానం అంటే భయపడకండి. సమాధుల మధ్యే ఇళ్ళు, కొట్లు, బడి పిల్లలు. వీధి నుంచి మలుపు తిరగగానే సుల్తాన్ కాయిత్‌బే మీనారు. కట్టడమంతా 1472, 74 మధ్య లేచింది. ఎడమ పక్కన మంచినీళ్ళ పంపిణీ గది, దాని మీద పిల్లల బడి. కుడి పక్కన మీనారు. ఎత్తు 40 మీటర్ల దగ్గరే. నిన్న మొన్న చూసినవాటిలో సగం.

ఇక్కడ వరస కుదిరింది. కప్పు దగ్గర మొదలయ్యే పొట్టి చదరం. దాని మూలల్ని ఏటవాలుగా చెక్కేసి ఎనిమిది పలకలు. పలకకొక గూడు. ఆపైన బాల్కనీ, దాని మీద గుండ్రటి అంతస్తు, దాని ఒంటి మీద నక్షత్రాల అల్లిక ఉబ్బెత్తుగా. మళ్ళీ బాల్కనీ. ఆపైన సన్నటి స్తంభాల మండపం, ఆకాశం లోపలి నుంచి కనిపిస్తుంది. దాని మీద కూజా, నెలవంక. ప్రతి మార్పూ బాల్కనీ చాటున జరుగుతుంది. చదరం ఎక్కడ పలకైందో, పలక ఎక్కడ గుండ్రమైందో వెతుక్కోవాలి. పైకి పోయేకొద్దీ సన్నబడటమే కాదు, బరువు కూడా కరిగిపోతుంది. గోడ, తర్వాత చెక్కడం, తర్వాత స్తంభాలు, తర్వాత గాలి. శిఖరం దగ్గర కొన్ని కర్రలు పొడుచుకొచ్చి ఉన్నాయి, రంజాన్ నెలలో దీపాలు వేలాడదీసేవి. అలెగ్జాండ్రియాలో పాత దీపస్తంభం కూలిన చోట కోట కట్టించింది కూడా ఈ కాయిత్‌బేనే, 1477లో. బట్లర్‌కు ఇది తెలిసే ఉంటుంది.

ఎదురుగా టీకొట్టు ముందు కుర్చీ వేసుకున్నాను. మా బావమరిది జేబులోంచి ఒక పౌండు నోటు తీసి పైకెత్తి పట్టాడు. దాని మీద ఇదే మసీదు బొమ్మ. నోటు మీది మీనారుకీ అసలుదానికీ తేడాలు వెతుకుతూ కూర్చున్నాడు. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఒకసారి బంతి నా కాగితం మీదే పడింది.

ఇన్ని రోజులూ అడుగు నుంచి పైకి గీశాను. ఈసారి నెలవంక దగ్గర మొదలుపెట్టి కిందకి దిగాను. కూజా, మండపం, బాల్కనీ, నక్షత్రాలు, బాల్కనీ, పలకలు, చదరం. కప్పు దగ్గర ఆపేశాను. కింద ఇంకేమీ గీయక్కర్లేదు, వీధిలోంచి చూసేవాడికి అక్కడి నుంచే మొదలవుతుంది. రెండు గంటలు పట్టింది. బాగా వచ్చిందనిపించింది. మావాడి చేతికిచ్చాను.

చాలాసేపు చూశాడు. "ట్యాంకులా లేదు బావా."

"మరి?"

"ఒరిగింది."

లాక్కుని చూశాను. నిజమే, కొంచెం కుడికి ఒరిగింది. "ఐన్ అంటావా, హజర్ అంటావా?" అన్నాను.

వాడు వంగి నా కుర్చీ కిందకి చూశాడు. "రెండూ కాదు బావా. కుర్చీ కాలు పొట్టి."